ఆకాశ పంతులుగారిని ఓ మాటడగాలి

2020లో బళ్ళు మూసేసిన రోజుల్లో మా మనవరాలు నట్టింట్లో సెల్‌ఫోను చెంబుకి ఆనించి పెట్టుకుని పాఠాలు వినేది. నేను పక్కనే కూచుని చిక్కుడుకాయలకి నారలు తీస్తూ నేనూ వినేదాన్ని. పాఠం అయ్యాక వాళ్ళ టీచరు "ఎవరికైనా డౌట్లున్నాయా?" అనడిగేది. నలభైమంది పిల్లల్లో ఒక్కరు నోరు విప్పితే ఒట్టు! "అడగవే, నీకు ఆ లెక్క రాలేదుగా" అంటే, "ఉండు అమ్మమ్మా, మైకు ఆపేసుకున్నాను" అని నవ్వేసేది. నాకు ఒళ్ళు మండేది. ఒక్క ప్రశ్న అడగడానికి నేను నెల్లాళ్ళు కాచుకున్న సంగతి దానికేం తెలుసు?

బొబ్బిలి అంటే అందరికీ యుద్ధం గుర్తొస్తుంది. కాస్త సంగీతం తెలిసినవాళ్ళకి వీణ గుర్తొస్తుంది. ఉపగ్రహం మటుకు ఎవరికీ గుర్తు రాదు. న్యాయమే. ఆకాశం నుంచి పాఠం మన రాష్ట్రానికి మొదటిసారి 1975లో వొచ్చినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాదు జిల్లాల పల్లెల్లో దిగింది తప్ప మా వైపు తొంగిచూడలేదు. అప్పటికి మేమింకా శ్రీకాకుళం జిల్లావాళ్ళం. విజయనగరం జిల్లా పుట్టింది 1979లో కదా.

కానీ మా పెద్దక్క మహబూబ్‌నగర్ జిల్లాలో ఓ పల్లెలో టీచరు. అంచేత మా ఇంటికి ఉపగ్రహం ఇన్‌లాండ్ కవర్లలో వొచ్చింది.

అసలు ఉపగ్రహం మనది కాదు, అమెరికావాళ్ళది. పేరు ఏటీఎస్-6. విక్రమ్ సారాభాయ్‌గారు 1969లోనే దీని గురించి వాళ్ళతో ఒప్పందం కుదిర్చారు. పాపం, 1971 చివర్లో ఆయనే పోయారు, చూడలేదు. 1974లో పైకి పంపిన ఆ ఉపగ్రహాన్ని మరుసటేడు జరిపి తెచ్చి, ఆఫ్రికా మీద మనకి కనిపించే చోట నిలిపారు. పెళ్ళికి పొరుగింటివారి కాసులపేరు ఎరువు తెచ్చుకున్నట్టన్నమాట. గడువు ఏడాది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా. ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలు. దీనికి సైట్ అని పేరు పెట్టారు.

సొమ్ము ఎరువుదే గాని మిగతా అలంకారమంతా మనవాళ్ళే చేసుకున్నారు. టీవీ పెట్టెలు హైదరాబాదులో ఈసీఐఎల్‌వారు తయారుచేశారు. బడి కప్పుమీదో ఆవరణలోనో పది అడుగుల గొడుగు. "కోళ్ళగూటికి కట్టే వలలాంటి దానితో చేశారే, కాకులు వాల్తే కర్రతో తోలుతున్నాం" అని అక్క రాసింది. కరెంటు లేని కొన్ని ఊళ్ళల్లో బ్యాటరీలతో నడిపారు. పొద్దున్న పిల్లలకి గంటన్నర, సాయంత్రం పెద్దలకి రెండున్నర గంటలు. అదీ నాలుగు భాషలకీ పంచాలి. అంచేత తెలుగువారికీ కన్నడంవారికీ బొమ్మ ఒకటే, మాట వేరు. "తెరమీద ఆవిడ పెదవులు ఒకటంటుంటే చెవిలో ఇంకోటి పడుతోంది. అయినా ఊరంతా నోరు తెరుచుకుని చూస్తోంది" అని ఇంకో ఉత్తరం.

తర్వాత పరిశీలించినవారు తేల్చిన సంగతి ఒకటి నాకు చాలా ఇష్టం. ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ వంటి విషయాల్లో ఎక్కువ నేర్చుకున్నది ఆడవాళ్ళూ, చదువు రానివాళ్ళూనట. వ్యవసాయం పాఠాలతో మటుకు చెప్పుకోదగ్గ లాభం కనపడలేదట. మగవాళ్ళకి అన్నీ ముందే తెలుసు కదండీ, కొత్తగా ఏం నేర్చుకుంటారు!

ఆ ఏడే అక్టోబరులో టీచర్లకి పన్నెండు రోజుల సైన్సు శిక్షణ ఇచ్చారు. ఒక్క విడతలో 24 వేలమంది! అంతమంది పంతుళ్ళని ఏ ఊళ్ళో కూచోపెడతాం, ఎవరు వండి పెడతారు? ఎక్కడివాళ్ళని అక్కడే కూచోపెట్టి పాఠమే పైనుంచి పంపారు. అక్క వెళ్ళింది. వొచ్చి రాసిన ఉత్తరంలో ఒక వాక్యం నాకిప్పటికీ కంఠతా వొచ్చు. "బాగా చెప్పారు గాని, చెయ్యెత్తితే ఎవరికి కనబడుతుందే?"

ఏడాది తిరిగేసరికి ఎరువు సొమ్ము తిరిగెళ్ళిపోయింది. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ మొదలయ్యాక చుట్టుపక్కల పల్లెలకి మళ్ళీ బొమ్మ వొచ్చింది. అక్క ఊరు ఆ అందుబాటులో లేదు. గొడుగు వల మటుకు కొన్నాళ్ళకి ఎవరి దొడ్లోనో కోడిపిల్లల మీద తేలిందిట.

ఈలోగా మనకీ సొంత సొమ్ము అమరింది. 1981లో ఆపిల్ అనే ఉపగ్రహాన్ని పరీక్ష కోసం ఎద్దుబండి మీద ఎక్కించిన ఫోటో మీరూ చూసే ఉంటారు. 1983లో ఇన్‌శాట్-1బి. దానికి ముందేడు, 1982లో, హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అదే మొదటిది. ఇప్పుడు అంబేద్కర్‌గారి పేరుతో ఉంది. నా బీయే అక్కడిదే. పగలు బడి, సాయంత్రం వంట, పిల్లలు పడుకున్నాక పుస్తకం. ఆదివారం క్లాసుకి బస్సెక్కితే మా అత్తగారు "ఈ వయసులో చదువేటే అమ్మా" అంటూనే చద్దిమూట కట్టి ఇచ్చేవారు. ఏదైనా అర్థం కాకపోతే మళ్ళీ ఆదివారం దాకా ఆగాలి. అక్క చెయ్యెత్తిన సంగతి అప్పుడు నాకూ బోధపడింది.

ఆ లోటు పూడ్చడానికే టెలికాన్ఫరెన్సు వొచ్చింది. బొమ్మా మాటా స్టూడియో నుంచి పైకెళ్ళి ఊరూరా దిగుతాయి. మన మాట మటుకు ఫోనులో వెనక్కెళ్తుంది. పంతులుగారు మనల్ని చూడలేరు గాని వినగలరు. 1995లో ఇస్రోవారు ఇలాంటి శిక్షణకని ప్రత్యేకంగా ఒక ఛానలే కేటాయించారు. మరుసటేడు మధ్యప్రదేశ్ ఝాబువా జిల్లాలో 150 గిరిజన గ్రామాల్లో పెట్టెలు పెట్టి, పన్నెండు బ్లాకు కేంద్రాల నుంచి ఎదురు మాట్లాడే వీలు కల్పించారు. కర్ణాటకలో కొత్తగా గెలిచిన పంచాయితీ ఆడ సభ్యులకి శిక్షణ ఈ పద్ధతిలోనే ఇచ్చారు. 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ లేచింది, అచ్చంగా చదువు కోసమే. 2010 దాకా పనిచేసింది. మనకి మన టీవీ వొచ్చింది.

అలా 2005లో మా టీచర్లని మండల కేంద్రంలో ఓ హాల్లో కూచోపెట్టారు. నాకప్పటికి యాభై ఏళ్ళు. నా క్లాసులో అప్పుడు ఇటుక బట్టీల పనికి కొండదిగి వొచ్చిన సవర కుటుంబాల పిల్లలున్నారు. ఇంట్లో తెలుగు లేదు. నేను 'అమ్మ' అని రాస్తే అది గోడ చూసినట్టు చూసేది, ఆ ఒకటో తరగతి పిల్ల. ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లకి అక్షరం ఎక్కడ మొదలెట్టాలి? ఇదీ నా ప్రశ్న.

మొదటి నెల కాగితం మీద రాసుకుని కూచున్నాను. ఫోను తిప్పుతూనే ఉన్నాం, ఎంగేజి. చివరికి కలిసేసరికి తెరమీదాయన నమస్కారం పెట్టేస్తున్నారు. మంచినీళ్ళిచ్చే ఆయా నవ్వి, "ఏటమ్మా, ఆ బాబు మాట మనకి ఇనబడతంది గానీ, మన మాట ఆ బాబుకి ఇనబడతాదేటి?" అంది. ఏమని చెప్పను!

ఇది కొత్త ప్రశ్నేం కాదు. మా వైపువారే, గిడుగు రామమూర్తి పంతులుగారు, పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. వాడుక భాష కోసం పోట్లాడారని చెప్పుకుంటాం గాని, ఈ సంగతి ఎక్కువ చెప్పుకోం. 2004 ప్రాంతంలో మన ప్రభుత్వం సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో బోధన ఆరంభించింది. అది కొండమీది కొన్ని బళ్ళకి. కింద మా బట్టీల దగ్గరి బడికి ఎవరు చెప్పాలి?

రెండో నెల లైను కలిసింది. నా గొంతు పెట్టెలోంచి నాకే వినబడేసరికి కాళ్ళు వణికాయి. ముప్ఫై ఆరువేల కిలోమీటర్లు ఎక్కి దిగాలి కదా, పావు సెకను ఆలస్యం. అడిగిన మాట మళ్ళీ నన్నే ఎవరో అడిగినట్టుంది. తెరమీదాయన పుస్తకంలో ఉన్నదేదో చెప్పారు. మర్యాదగానే చెప్పారు. అది నాకు తెలిసిందే. కానీ ఇంతలో ఇంకో ఫోను. శ్రీకాకుళం వైపు కొండ ఊరి టీచరమ్మ. "బొబ్బిలి నుంచి మాట్లాడినామెకి చెప్పండి. నెల్లాళ్ళు పుస్తకం తియ్యొద్దనండి. ఐదో తరగతి సవర పిల్లని పక్కన కూచోపెట్టమనండి. వాళ్ళ మాటనే మన అక్షరాల్తో రాయించమనండి" అంది.

హైదరాబాదు పంతులుగారు నవ్వి, "విన్నారా?" అన్నారు. విన్నానండీ.

అలాగే చేశాను. అక్షరాలు పట్టుబడ్డాక ఓ పొద్దున్న ఆ పిల్ల పలకమీద ఒక మాట రాసి తెచ్చి చూపించింది. చదివాను. అర్థం కాలేదు. ఐదో తరగతి పిల్లని పిలిచి "ఏం రాసిందే ఇది?" అనడిగాను.

"మేక అని రాసింది టీచర్" అంది అది. "వాళ్ళింట్లో నిన్న ఈనింది."