ఆదాము వారసత్వం: మూడు మతసంప్రదాయాల్లో పాపభావన

యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాలు మూడూ ఆదామును తొలి మానవుడిగా అంగీకరిస్తాయి. నిషిద్ధఫల భక్షణం, ఉద్యానం నుంచి బహిష్కరణ వాటికి ఉమ్మడి కథాంశాలు. అయితే ఆ తొలి మానవుడు తన సంతతికి ఏమి మిగిల్చాడన్న ప్రశ్న వద్ద దారులు చీలాయి. ఈ భేదానికి మూలం కథలో కంటే వ్యాఖ్యానచరిత్రలోనే అధికంగా ఉంది.

హీబ్రూలో ‘ఆదామ్’ అంటే మనిషి. నేల అనే అర్థంగల ‘అదామా’తో ఆ పదాన్ని జోడించి ఆదికాండం మానవుణ్ణి మట్టితో ముడివేసింది. ఫలభక్షణాన్ని వర్ణించే 3వ అధ్యాయంలో ‘పాపం’ అనే మాట లేకపోవడం గమనార్హం. అది తొలిసారి 4వ అధ్యాయంలో, కయీను ప్రసక్తిలో కనిపిస్తుంది. సుమారు సా.శ. 200 నాటికి సంకలితమైన మిష్నాలో, మరణశిక్షకు దారితీయగల కేసుల్లో సాక్షులను హెచ్చరించే సందర్భంలో ఆదాము ప్రస్తావన వస్తుంది. ఎవరూ తమ వంశమే గొప్పదని చెప్పుకోకూడదనే మానవుడొక్కడే సృష్టింపబడ్డాడని అక్కడి వివరణ. ఇక్కడ ఆదాము వారసత్వం సమానత్వమే.

పౌలు రోమీయులకు రాసిన పత్రికలో (5:12) ఆదాము ద్వారా పాపమూ, పాపం ద్వారా మరణమూ లోకంలో ప్రవేశించాయన్నాడు. అందులోని గ్రీకు పదబంధాన్ని ఆధునిక పండితులు ఎక్కువగా ‘అందరూ పాపం చేసినందున’ అని గ్రహిస్తారు. లాటిన్ అనువాదం ‘అతనిలో అందరూ పాపం చేశారు’ అనే అర్థానికి తావిచ్చింది. దాని ఆధారంగా అగస్టీన్ (354–430) అపరాధం సైతం వారసత్వంగా సంక్రమిస్తుందని వాదించాడు. 418 నాటి కార్తేజ్ సభ పెలేజియస్ వాదాన్ని ఖండించి, శిశువులకు కూడా పాపక్షమాపణార్థమే బాప్తిస్మమని నిర్ణయించింది. గ్రీకు మూలాన్ని చదివిన ప్రాచ్య క్రైస్తవం మాత్రం అపరాధం కంటే మర్త్యత్వమే సంక్రమించిందని భావించింది.

ఖురాన్‌లో ఆదం భూమిపై దైవం నియమించిన ఖలీఫా. వస్తువుల పేర్లు నేర్చినవాడు (2:30–31). భార్యాభర్తలిద్దరూ తప్పటడుగు వేశారు. దైవం ఆదం పశ్చాత్తాపాన్ని స్వీకరించాడు (2:36–37). ఒకరి భారాన్ని మరొకరు మోయరన్న సూత్రం (6:164) వల్ల వారసత్వపాపానికి అక్కడ చోటులేదు.

కనుక తెలుగులో ‘జన్మపాపం’ అనే పదాన్ని ఈ మూడు మతాలకూ సమానంగా అన్వయించడం సరికాదు. పైగా ఆ మాట తెలుగు పాఠకునికి పూర్వజన్మకర్మను స్ఫురింపజేసే అవకాశం ఉంది. కర్మ సిద్ధాంతంలో జీవుడు అనుభవించేది స్వకృతఫలం; అగస్టీన్ చెప్పినది ఆదిపితరునిలో సంక్రమించిన దోషం. ఈ అంతరాన్ని పాటించకపోతే అనువాదమే కొత్త వ్యాఖ్యానమవుతుంది. లాటిన్‌లో ఒకసారి జరిగింది అదే.