రేవా విద్యుత్ కారు

రేవా బెంగళూరులో తయారైన బుల్లి విద్యుత్ కారు. మైనీ గ్రూపు, కాలిఫోర్నియాకు చెందిన అమెరిగాన్ 1994లో కలిసి పెట్టిన సంస్థ దీన్ని 2001లో మార్కెట్లోకి తెచ్చింది. ఈ ప్రయత్నానికి సారథి చేతన్ మైనీ.

ముందు సీట్ల కింద 8 లెడ్-యాసిడ్ బ్యాటరీలుండేవి. ఇంట్లో ప్లగ్గుకు తగిలిస్తే పూర్తి చార్జింగుకు సుమారు 8 గంటలు పట్టేది. దాంతో 80 కిలోమీటర్ల వరకు వెళ్లొచ్చని కంపెనీ చెప్పేది. ముందు ఇద్దరు పెద్దలు కూర్చుంటే వెనక పిల్లలకే చోటు. రేవా కన్నా తక్కువ ధరకే మారుతీ 800 వచ్చే రోజుల్లో, ప్రభుత్వ ప్రోత్సాహం అంతంతమాత్రంగా ఉండగా, సొంతగడ్డ మీద అమ్మకాలు పుంజుకోలేదు. ఇది కారు లోపం కన్నా కాలం లోపమనే చెప్పాలి.

ఆదరణ లండన్‌లో దొరికింది. అక్కడ 'జీ-విజ్' పేరుతో 2004 నుంచి అమ్మారు; నగర మధ్యలోకి వెళ్లే వాహనాలపై వేసే రద్దీ రుసుము అప్పట్లో దీనికి ఉండేది కాదు. బ్రిటన్ చట్టం దీన్ని కారుగా కాక తేలికపాటి నాలుగు చక్రాల బండి అయిన క్వాడ్రిసైకిల్‌గా లెక్కగట్టడంతో కార్లకు తప్పనిసరైన ఢీ పరీక్షలు వర్తించలేదు. 2007లో 'టాప్ గేర్' పత్రిక చేయించిన పరీక్షలో బండి నుజ్జయింది. భద్రత చాలదన్న విమర్శ న్యాయమైనదే. తర్వాతి నమూనాలో భద్రతను మెరుగుపరిచారు, 2009లో లిథియం-అయాన్ బ్యాటరీల రకమూ వచ్చింది.

2010లో మహీంద్రా ఈ సంస్థలో 55.2 శాతం వాటా కొనుగోలు చేసింది. రేవాకు వారసురాలిగా 'ఈ2ఓ' 2013లో విడుదలైంది.