వీశె నుండి కిలోగ్రాముకు: తూనికల మార్పిడిలో మిగులు ఎవరిది?

వ్యాససంగ్రహం

1958–1962 మధ్యకాలంలో భారతదేశంలో తులం, సేరు, వీశె, మణుగు, పౌండు స్థానాన్ని గ్రాము, కిలోగ్రాము ఆక్రమించాయి. ఈ మార్పును మన చరిత్రరచన సాధారణంగా శాస్త్రీయ ప్రగతిలో ఒక ఘట్టంగా నమోదు చేస్తుంది. ఒక మానం నుండి మరొక మానానికి మారిన ప్రతిసారీ లెక్కలో మిగిలే చిన్న తేడాను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ తేడా కొనుగోలుదారు, అమ్మకందారు, రుణదాత, రుణగ్రస్తుడు అనేవారిలో ఎవరి పక్షాన చేరిందో గుర్తించకుండా పాత లెక్కలను కిలోగ్రాములలోకి మార్చడం పరిశోధకుని తప్పుదారి పట్టిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తులం, వీశె, మణుగు, పౌండు, మెట్రిక్ విధానం, ఆర్థిక చరిత్ర.

1. ప్రవేశిక

వర్తకుల చిట్టాలు, రుణపత్రాలు, కట్నకానుకల జాబితాలు, రెవెన్యూ లెక్కలు మన ఆర్థిక చరిత్రకు ప్రధానమైన ఆధారాలు. వీటిలోని పరిమాణాలన్నీ పాత తూనికలలోనూ, పాత కొలతలలోనూ ఉంటాయి. వాటిని నేటి ప్రమాణాలలోకి మార్చి పట్టికలు కట్టడం పరిశోధకులకు పరిపాటి. ఈ పని చేసేటప్పుడు ప్రతి పాత తూనికకూ ఒకే ఒక స్థిరమైన విలువ ఉన్నదనే భావన తెలియకుండానే మన లెక్కలలో ప్రవేశిస్తుంది. ఆ భావన ఎంతవరకు నిలుస్తుందో తెలుసుకోవాలంటే ఆ తూనికల చరిత్రను పరిశీలించాలి.

2. దేశీయ తూనికల వెనుక ఆంగ్ల గ్రెయిన్

ఇరవయ్యవ శతాబ్ది నాటికి తులం, సేరు, మణుగు స్వదేశీ తూనికలుగానూ, పౌండు, ఔన్సు విదేశీ తూనికలుగానూ వ్యవహారంలో ఉన్నాయి. కాని ఈ రెండు వర్గాల నడుమ గీత అంత స్పష్టమైనది కాదు. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 1833లో చేసిన ఏడవ రెగ్యులేషన్ రూపాయి బరువును 180 ఆంగ్ల గ్రెయిన్లుగా స్థిరపరచి, ఆ బరువునే తులానికి ప్రమాణంగా చేసింది. 80 తులాలు ఒక సేరు, 40 సేర్లు ఒక మణుగు. ఈ లెక్కన మణుగు 5,76,000 గ్రెయిన్లు. ట్రాయ్ పౌండుకు 5,760 గ్రెయిన్లు కనుక, ఈ మణుగు సరిగ్గా 100 ట్రాయ్ పౌండ్లకు సమానమైంది. వ్యాపారంలో వాడే 7,000 గ్రెయిన్ల పౌండులో చెప్పాలంటే అది 82 2/7 పౌండ్లు.

దీనిని బట్టి పేరు దేశీయమైనదే అయినా, దాని నిర్వచనం సామ్రాజ్య ప్రమాణానికి ముడిపడి ఉన్నదని గ్రహించవచ్చు. 1939 నాటి తూనికల ప్రమాణ చట్టం కూడా తులం, సేరు, మణుగులను పౌండు, ఔన్సులతో పాటు అదే గ్రెయిన్ పునాదిపై నిలిపింది. కాబట్టి 1956లో జరిగిన మార్పును స్వదేశీ పద్ధతికీ పాశ్చాత్య పద్ధతికీ మధ్య జరిగిన పోటీగా మాత్రమే చూడటం సమంజసం కాదు.

3. ఒకే పేరు, వేర్వేరు బరువులు

మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలలో వాడిన తూనికల వరుస వేరు. మూడు తులాలు ఒక పలము, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. వీశె 120 తులాలు, అంటే సుమారు 1,400 గ్రాములు. మణుగు 960 తులాలు, అంటే దాదాపు 11.2 కిలోగ్రాములు. 80 తులాల ప్రామాణిక సేరు 933 గ్రాములు కాగా, మద్రాసు వరుసలో వీశెలో అయిదవ వంతైన సేరు 24 తులాలు, అంటే 280 గ్రాములు మాత్రమే.

ఒక పత్రంలో 'వంద మణుగులు' అని ఉన్నదనుకుందాం. మద్రాసు మణుగైతే అది 1,120 కిలోగ్రాములు. 40 సేర్ల మణుగైతే 3,732 కిలోగ్రాములు. రెంటికీ మూడింతలకు పైగా తేడా ఉన్నది.

ఇంగ్లీషు వర్తకం మద్రాసు మణుగును 25 పౌండ్లుగా, బారువను 500 పౌండ్లుగా పరిగణించింది. తులాల లెక్కన అవి 24.69, 493.7 పౌండ్లు. బారువకు ఆరు పౌండ్లకు పైగా తేడా వస్తుంది. లెక్క సులువు కావడానికి చేసిన ఈ సవరణ, బారువ ఒక్కింటికి ధర చెప్పి సరుకును పౌండ్లలో తూచి తీసుకున్న సందర్భంలో కొనుగోలుదారుకు లాభం, సరుకు ఇచ్చినవానికి నష్టం. బారువకు ఇంగ్లీషు వ్యవహారంలో క్యాండీ అని పేరు. బొంబాయి పత్తి వర్తకంలో అదే పేరుకు 784 పౌండ్లు. నేటికీ దేశంలో పత్తి ధరను క్యాండీకి, అంటే 356 కిలోగ్రాములకు చెప్పడం ఆ 784 పౌండ్ల అవశేషమే.

4. పాత పేరుకు కొత్త బరువు: 1871 ప్రయత్నం

కిలోగ్రామును భారతదేశంలో ప్రవేశపెట్టే ఆలోచన స్వాతంత్ర్యానంతరం పుట్టినది కాదు. లార్డ్ మేయో ప్రభుత్వం 1871లో చేసిన చట్టం ప్రజలకు పరిచితమైన సేరు పేరును నిలుపుతూ, దాని బరువును ఫ్రెంచి కిలోగ్రాముతో సమం చేసింది. 933 గ్రాముల సేరుకూ కిలోగ్రాముకూ ఏడు శాతమే తేడా కనుక మార్పు సులభమవుతుందన్న తర్కం దీని వెనుక కనిపిస్తుంది. 1872 ఫిబ్రవరిలో మేయో హత్యకు గురయ్యాడు. చట్టం ఆచరణలోకి రాలేదు.

పేరు మారకుండా బరువు మారితే పాత ఒప్పందంలోని సేరు ఏదో, కొత్త ఒప్పందంలోని సేరు ఏదో తేల్చడం కష్టమవుతుంది. 1956 చట్టం ఇందుకు భిన్నంగా కొత్త బరువుకు కొత్త పేరునే స్వీకరించింది.

5. 1956–1962: చట్టం, అంగడి

1955లో సవరించిన నాణేల చట్టం 1957 ఏప్రిల్ 1న అమలై, రూపాయిని వంద నయాపైసలుగా విభజించింది. 1956 డిసెంబరులో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు 1న ఎంపిక చేసిన ప్రాంతాలలో మెట్రిక్ తూనికలు ప్రారంభమయ్యాయి. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ తన అమలు చట్టాన్ని చేసుకున్నది. 1962 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా ఈ తూనికలు తప్పనిసరి అయ్యాయి.

ఇందువల్ల సామాన్య కొనుగోలుదారు ఇంచుమించు ఒకే కాలంలో రెండు మార్పిడులను ఎదుర్కొన్నాడు. అణాకు ఖచ్చితమైన విలువ ఆరుంబావు నయాపైసలు. ఆ నాణెం లేదు కనుక అధికార పట్టిక ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 నయాపైసలుగా నిర్ణయించింది. మూడు వస్తువులను విడివిడిగా అణా చొప్పున కొంటే 18, కలిపి కొంటే 19 నయాపైసలు చెల్లించాలి.

తూనికలలోనూ ఇదే స్థితి. కిలోగ్రాము వీశెలో దాదాపు ఏడింట అయిదు వంతులు. వీశె ధర రూపాయి పన్నెండణాలైతే కిలో ధర రూపాయి నాలుగణాలు. లెక్క నిశ్శేషంగా కుదురుతుంది. వీశె ధర ఒక రూపాయి అయితే కిలో ధర 71.4 నయాపైసలు. అంగడివాడు దానిని 75గా పూరిస్తే కొనుగోలుదారు అయిదు శాతం అదనంగా చెల్లించినట్లే. 80 తులాల సేరు వాడిన చోట ఫలితం తారుమారు కావచ్చు. సేరు ధరకే కిలో ఇస్తే కొనుగోలుదారుకు ఏడు శాతం అదనపు సరుకు దక్కుతుంది.

చిన్న కొనుగోళ్లలో మరొక చిక్కు ఉన్నది. పాత వ్యవహారం సగం, పావు, అరపావులుగా విభజించే పద్ధతి. కొత్త తూనికరాళ్లు 1, 2, 5, 10, 20, 50 వరుసలో వచ్చాయి. 'పావుకిలో' అనే మాట నిలిచింది గాని, ఆ వరుసలో 250 గ్రాముల రాయి లేదు. 200, 50 గ్రాముల రాళ్లు కలపాలి. పలము 35 గ్రాములు కనుక, పలమెత్తు దినుసు తూచాలంటే మూడు రాళ్లు వేయాలి. ఏ పూటకాపూట పలాల లెక్కన కొనుక్కునే కుటుంబానికి సవరణ భారం తరచుగా ఎదురవుతుంది. బస్తాల లెక్కన కొనేవారికి అది అరుదు.

6. తులం: మిగిలిన పేరు, తరిగిన బరువు

చట్టం తొలగించిన పేర్లలో నేటికీ సజీవంగా ఉన్నది తులం. 180 గ్రెయిన్ల తులం 11.664 గ్రాములు. నేటి తెలుగు వ్యవహారంలో, ప్రత్యేకించి తెలంగాణలో, తులం అంటే పది గ్రాములు. 1871 చట్టం సాధించలేకపోయినదాన్ని, అంటే పాత పేరుకు కొత్త బరువును, బంగారం అంగడి ఏ చట్టం లేకుండానే సాధించింది.

ఈ మార్పు పర్యవసానం చిన్నది కాదు. పూర్వపు పత్రంలో పది తులాలుగా నమోదైన స్త్రీధనం 116.6 గ్రాములు. నేటి వాడుకతో చదివితే అది వంద గ్రాములే. ఏడవ వంతు బంగారం పత్రంలో అక్షరం మారకుండానే మాయమవుతుంది. పంపకాలలోనైనా, పరిశోధనలోనైనా ఈ తేడాను గుర్తించడం ఆవశ్యకం.

7. కొలతను తూకంగా మార్చడంలోని సమస్య

తెలుగునాట ధాన్యాన్ని తూచడం కన్న కొలవడం ఎక్కువ. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, తూము, పుట్టి ఘనపరిమాణానికి సంబంధించినవి. ఒకే మానికలో వడ్లు పోసినప్పటి బరువు, బియ్యం పోసినప్పటి బరువు ఒకటి కావు. అంచుకు సమంగా కొట్టి కొలవడానికీ, గోపురంగా పోసి కొలవడానికీ తేడా ఉంటుంది. కౌలు ధాన్యం తీసుకునేటప్పుడు గోపురంగా కొలిచి, అప్పు ఇచ్చేటప్పుడు అంచుకు కొట్టి కొలిస్తే, పత్రంలో రెండూ అదే కుంచంగా కనిపిస్తాయి. ఒకే గుణకంతో వీటిని కిలోగ్రాములలోకి మార్చితే ఈ అధికార సంబంధం పట్టికలో కనుమరుగవుతుంది.

8. ముగింపు

మెట్రిక్ విధానం కొనుగోలుదారుకు దేశమంతటా ఒకే ప్రమాణాన్ని సమకూర్చింది. మూడు రకాల మణుగుల మధ్య జరిగే మోసానికి అవకాశాన్ని తగ్గించింది. ఆ మేలు కాదనలేనిది. అయితే మార్పిడి అనే క్రియలో ప్రతిసారీ ఒక మిగులు ఉన్నది. 25 పౌండ్ల మణుగులో, 75 నయాపైసల కిలోలో, పది గ్రాముల తులంలో ఆ మిగులు బేరంలో బలం ఉన్న పక్షానికి చేరే అవకాశమే ఎక్కువ.

కనుక పరిశోధకులు మూడు నియమాలు పాటించడం అవసరం. మూలంలోని అంకెను, తూనిక పేరును యథాతథంగా ఉంచి, దాని పక్కనే మార్చిన విలువను చూపాలి. ప్రాంతం, కాలం, సరుకు ఆధారంగా అది ఏ సేరో, ఏ మణుగో, తూకమో కొలతో నిర్ధారించాలి. వాడిన గుణకాన్ని స్పష్టంగా పేర్కొనాలి. ఈ జాగ్రత్త లోపిస్తే, ఆనాడు అంగడిలో నష్టపోయినవారి వాటా నేడు మన పట్టికలలో రెండవసారి లుప్తమవుతుంది.