నాసికా శస్త్రచికిత్స – మన పూర్వుల ప్రతిభ

ముఖానికి ముక్కే అందమంటారు పెద్దలు. అందుకే పూర్వం శత్రువును, నేరస్థుని అవమానింపదలచినవారు ముక్కునే కోయించేవారు. ఆ అవమానాన్ని మాన్పే యత్నంలోనే నాసికా శస్త్రచికిత్స మన దేశాన వర్ధిల్లింది. ముక్కు కొలతకు ఆకును కత్తిరించి, ఆ మేరకు చెక్కిలి చర్మాన్ని తీసి అతికి, శ్వాసకు రెండు గొట్టాలు అమర్చాలని సుశ్రుత సంహిత బోధించింది.

ఆంగ్ల సైన్యానికి ఎడ్లు తోలే కావస్జీ, 1792లో ముగిసిన మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తాను సైనికులకు చిక్కి ముక్కును, ఒక చేతిని కోల్పోయాడు. సుమారు ఏడాది తరువాత పుణె సమీపాన ఇటుకలు చేసే కులానికి చెందిన వైద్యుడొకడు అతనికి చికిత్స చేశాడు. మైనంతో ముక్కు అచ్చు తీసి, దానిని నుదుటిపై పరచి గీత గీసి, ఆ మేరకు చర్మాన్ని వలిచాడు. కనుబొమల నడుమ సన్నని పట్టీని మాత్రం తెంచక, చర్మాన్ని మెలిత్రిప్పి ముక్కు స్థానంలో అతికాడు. ఆ పట్టీగుండా రక్తం ప్రసరించుటచేతనే చర్మం బ్రతికింది. ఈ పద్ధతిలో సుమారు 25వ రోజున పట్టీని తెంచేవారు.

1794 అక్టోబరులో లండనులోని జెంటిల్మన్స్ మ్యాగజైన్ ఈ వృత్తాంతాన్ని ప్రకటించింది. జోసెఫ్ కార్ప్యూ అనే వైద్యుడు 1814లో ఈ పద్ధతిని లండనులో ఆచరించి, 1816లో గ్రంథస్థం చేశాడు.

నేడు అందం కోసం చేసే చికిత్సలో మత్తు ఇచ్చి, ఎముకను, మృదులాస్థిని సరిదిద్దుతారు. ప్రమాదాలలో, కాన్సరు వలన ముక్కు కోల్పోయినవారికి నుదుటి చర్మమే నేటికీ ఆధారం.

ఆ పత్రిక రోగి పేరును ముద్రించింది. వైద్యుని పేరును ముద్రించలేదు. రాతినుండి బంగారాన్ని వెలికితీసే హట్టివాసులకు శ్రమించే చేతిలోని విద్య విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ విద్యకు అక్షరం తోడైననాడే అది తరతరాలకు నిలుస్తుంది.