పాసు పుస్తకం: ఆఫ్రికా నాయకులు, మన తాతలు

పోయిన ఆగస్టు 15న పెదపారుపూడిలో మా హాస్టల్ పిల్లలకు జెండా వందనం అయ్యాక పింగళి వెంకయ్య గారి గురించి నాలుగు మాటలు చెప్పాను. మన కృష్ణా జిల్లావారే, భట్లపెనుమర్రులో పుట్టారు, బోయర్ యుద్ధ కాలంలో సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్ళారు, గాంధీ గారిని అక్కడే కలిశారు అని. చాక్లెట్లు పంచుతుంటే ఏడో తరగతి పిల్ల ఒకతి వచ్చి, "మేడమ్, ఆ యుద్ధం ఎవరికీ ఎవరికీ జరిగింది? అక్కడి నల్లవాళ్ళు ఎటువైపున్నారు?" అని అడిగింది. బి.ఇడి.లో సాంఘికశాస్త్రం చదివినదాన్నే, అయినా చప్పున జవాబు రాలేదు. చదివి చెప్తానన్నాను. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అలా చదివిన సంగతులే మీకూ చెబుతున్నాను.

ఆ యుద్ధం 1899 నుంచి 1902 దాకా ఇంగ్లీషువాళ్ళకూ, డచ్చి సంతతివాళ్ళయిన బోయర్లకూ జరిగింది. బంగారు గనుల మీద పెత్తనం ఎవరిదన్నది అసలు తగాదా. ఆ నేల మీద ముందునుంచీ బతుకుతున్న నల్లజాతివారిని ఇద్దరూ చాకిరీకి వాడుకున్నారు, వేలమందిని శిబిరాల్లో పెట్టారు. యుద్ధం ముగిశాక తెల్లవాళ్ళిద్దరూ రాజీపడి 1910లో ఒక్క రాజ్యంగా కలిసిపోయారు.

ఆఫ్రికా అనగానే మనకు సింహాలు, అడవులు గుర్తొస్తాయి గానీ రాజులూ రాణులూ గుర్తుకు రారు. బందరులో ఇంగ్లీషువాళ్ళు 1611లో వర్తక స్థావరం పెట్టారని చదువుకున్నాం కదా. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే, ఇప్పటి అంగోలా ప్రాంతంలో ఎన్‌జింగా అనే రాణి గద్దెనెక్కి, 1663లో చనిపోయేదాకా పోర్చుగీసువాళ్ళకు లొంగకుండా ఏలింది. 1896లో ఇథియోపియా చక్రవర్తి రెండవ మెనెలిక్, ఆయన భార్య తైతు, అద్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించారు. వీళ్ళమీద వేరే వ్యాసమే రాయొచ్చు. నన్ను పట్టి ఆపింది మాత్రం దక్షిణాఫ్రికాలోని ఒక చిన్న పుస్తకం.

మన ఊళ్ళలో పాసు పుస్తకం అంటే పొలం మనదని చెప్పే కాగితం. అది చేతికొస్తే ఇంట్లో పండగే. అక్కడ పాసు అంటే సొంత గడ్డమీద తిరగడానికి నల్లవాడు జేబులో పెట్టుకోవాల్సిన అనుమతి చీటీ. ఎక్కడ పని చేస్తున్నాడు, ఏ ఊళ్ళో ఉండొచ్చు, అన్నీ దానిలో ఉండాలి. పోలీసు అడిగినప్పుడు చూపించలేకపోతే జైలే. జనం దాన్ని 'డోంపాస్' అని తిట్టుకునేవారు, అంటే మొద్దు పాసు అని. మనవాళ్ళకూ ఇలాంటి బెడద తప్పలేదు. ట్రాన్స్‌వాల్‌లో భారతీయులు వేలిముద్రలు వేసి పత్రం తీసుకోవాలని చట్టం తెచ్చారు. 1908 ఆగస్టు 16న జోహన్నెస్‌బర్గ్‌లో గాంధీ గారి పిలుపు మీద రెండు వేలకు పైగా పత్రాలను కుప్పపోసి తగలబెట్టారు.

1913లో వచ్చిన భూచట్టం, జనాభాలో మూడింట రెండు వంతులున్న నల్లవారికి దేశం మొత్తం మీద ఏడు శాతం నేల మాత్రమే మిగిల్చింది. సోల్ ప్లాట్జే అనే రచయిత ఊరూరా తిరిగి, గొడ్డూగోదాతో రోడ్డున పడ్డ కుటుంబాలను చూసి పుస్తకం రాశాడు. అదే ఏడాది బ్లూమ్‌ఫాంటీన్‌లో ఆడవాళ్ళు మాకు పాసులు వద్దని వీధుల్లోకి వచ్చి జైళ్ళకు వెళ్ళారు.

1913 అనగానే నేను చదవడం ఆపేశాను. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టినదీ ఆ ఏడాదే. నేను ఎరుకల ఇంట పుట్టినదాన్ని. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజ్యానికి కూడా వర్తింపజేశారు. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వేలిముద్రలు తీసుకున్నారు. పక్క ఊరికి పోవాలన్నా చెప్పి పోవాలి. మా తాత చెప్పేవాడు, వాళ్ళ నాయన రాత్రిళ్ళు లేచి హాజరు వేయించుకోవడానికి వెళ్ళేవాడట. చిన్నప్పుడు అదేదో కథ అనుకునేదాన్ని.

మద్రాసు రాజ్యంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. సరిగ్గా అదే 1952లో అక్కడ పాసు చట్టాన్ని ఇంకా బిగించారు. పదహారేళ్ళు దాటిన నల్లజాతి మగవాళ్ళంతా ఫొటో, యజమాని సంతకాలు ఉన్న పుస్తకం దగ్గరుంచుకోవాలన్నారు. మనకు ఒక ముడి వీడిన ఏడాదే వాళ్ళకు ముడి బిగిసింది. అయితే మన ముడి పూర్తిగా వీడిందని నేననను. చట్టం పోయినా అనుమానపు చూపు ఎక్కడికీ పోలేదు, మీకూ తెలుసు.

ఆ పాసు మీద పోరాడినవాళ్ళలో నాకు నచ్చినవాళ్ళు ఇద్దరు, ఇద్దరూ పంతుళ్ళే. (నా పక్షపాతం అనుకోండి.) ఆల్బర్ట్ లుతూలి టీచరు ట్రైనింగు చేసి పాఠాలు చెప్పి, తరువాత తన ప్రజలకు పెద్ద అయ్యాడు. 1952లో ప్రభుత్వం ఆయన్ను, పెద్దరికం కావాలా, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ కావాలా తేల్చుకోమంది. కాంగ్రెస్‌ను వదలనన్నాడు, పెద్దరికం ఊడింది. రెండోవాడు రాబర్ట్ సొబుక్వే. 1960 మార్చి 21న పాసు ఇంట్లో వదిలేసి, నన్ను అరెస్టు చేయండంటూ పోలీసు స్టేషనుకు నడిచి వెళ్ళాడు. అదే రోజు షార్ప్‌విల్‌లో జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే 69 మంది చనిపోయారు. చాలామందికి తూటాలు వీపున తగిలాయి. అయిదు రోజులకు లుతూలి తన పాసును అందరి ముందూ కాల్చేశాడు. ఆ ఏటి నోబెల్ శాంతి బహుమతి ఆయనదే. సొబుక్వేకు మూడేళ్ళ శిక్ష పూర్తయినా వదలకుండా, ఆయన కోసమే ఒక నిబంధన పెట్టి రాబెన్ దీవిలో ఇంకో ఆరేళ్ళు ఉంచారు.

ఆడపిల్లలకు ఇంకో తేదీ. 1956 ఆగస్టు 9న లిలియన్ ఎంగోయి, హెలెన్ జోసెఫ్, రహీమా మూసా, సోఫియా విలియమ్స్ ముందు నడవగా, ఇంచుమించు ఇరవై వేలమంది స్త్రీలు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనానికి వెళ్ళారు. కొందరి చంకల్లో పిల్లలున్నారు. అరగంట సేపు ఎవరూ మాట్లాడకుండా నిలబడ్డారు. ముప్ఫై ఏళ్ళ తరువాత, 1986లో, పాసు చట్టాలు పోయాయి.

మండేలా గురించి మీకు తెలియనిదేముంది! ఒక్క ముక్క చెప్తాను. ఇంట్లో ఆయన పేరు రోలిహ్లాహ్లా. బడిలో చేరిన మొదటి రోజు టీచరమ్మ ఇంగ్లీషు పేరు నెల్సన్ అని పెట్టేసింది. ఇది చదివాక మా హాస్టల్ రిజిస్టరు తీసి చూశాను. ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్న పిల్లలు ఎంతమందో! ఆధార్‌లో మూడో పేరు, అందువల్ల కుల ధ్రువపత్రం రాక తిరగడాలు. వాళ్ళు కాగితం వద్దని కొట్లాడారు, మేం కాగితం కోసం తిరుగుతున్నాం. ఈ ఏడాది నుంచి చేర్చుకునేటప్పుడు, "ఇంట్లో ఏమని పిలుస్తారమ్మా?" అని అడిగి ఆ పేరు కూడా పక్కన రాసుకుంటున్నాను.

1994 ఏప్రిల్ 27న మండేలా తన జీవితంలో మొదటి ఓటు వేశాడు. అప్పటికి ఆయన వయసు 75 ఏళ్ళు. డర్బన్ దగ్గర, జాన్ డూబే అనే మరో పంతులు పెట్టిన బడిలో ఆ ఓటు పడింది.

ఇవన్నీ ఆ పిల్లకు వరసగా చెప్పాను. అంతా విని, "మేడమ్, మన తాతలు వేలిముద్రలు వేసిన రిజిస్టర్లు ఇప్పుడెక్కడున్నాయి?" అంది. మళ్ళీ జవాబు లేదు నా దగ్గర. మీ ఇళ్ళల్లో ఎనభై దాటిన పెద్దవాళ్ళెవరైనా ఉంటే, ఈ దసరా సెలవుల్లో పక్కన కూర్చుని ఆ రాత్రి హాజరు సంగతి అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి సంఘానికి పంపండి. ఆ పిల్లకు చూపించాలి.