మిగిలిన మందుతో కుక్క వైద్యం

పొన్నూరు, నిడుబ్రోలు జంట ఊళ్ళు. ఊరు పెద్దది పొన్నూరే అయినా రైలు ఆగే స్టేషన్ పేరు నిడుబ్రోలు. చుట్టూ కాలవల కింద వరి. గుంటూరు దాటి పడమరకి పోతే నల్లరేగడిలో పత్తి, మిరప. ఈ నేల మీద ఒంగోలు గిత్తకి ఘనమైన చరిత్ర ఉంది, పాడిగేదెకి లెక్కాపత్రం ఉంది. వాకిట్లో ముడుచుకుని పడుకునే కుక్కకి మాత్రం విడిగా వైద్యమంటూ చాలాకాలం లేదు. దాని ఒంటికి దురద పుడితే పశువుకి పూయగా, పైరుకి చల్లగా, లారీలోంచి తీయగా మిగిలిందేదో అదే మందు. ఆ మిగుళ్ళను వరసగా పేర్చి చూస్తే జిల్లా వ్యవసాయ చరిత్రలో సగం అందులోనే కనిపిస్తుంది.

నిజానికి తెలుగునేల మీద పశువైద్యం మాట రాతికెక్కి 2200 ఏళ్ళు దాటింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదున్న అశోకుడి రెండో శాసనం మనుషులకీ పశువులకీ చికిత్స ఏర్పాటు చేశామనీ, మూలికలు దొరకని చోట్లకి తెప్పించి నాటించామనీ చెబుతుంది. 1261 నాటి మల్కాపురం శాసనం గుంటూరు సీమలోదే. రుద్రమదేవి కాలపు ఆ దానపత్రంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఉన్నాయి. అవి మనుషులవి. కుక్కను ఏ రాజూ గుర్తు పెట్టుకున్నట్టు లేదు.

ఊళ్ళలో ఉన్నది చేతివైద్యం. వేపనూనె, కానుగనూనె, పసుపు, గంధకం. కానుగనూనెలో గంధకం పొడి రంగరించి గజ్జి పట్టిన చోట పట్టించేవారు. ఇది వట్టి నమ్మకం కాదు. చర్మంలో బొరియలు చేసే గజ్జి పురుగును గంధకం నిజంగానే చంపుతుంది, యూరప్ మందుల కొట్లలోనూ గంధకపు లేపనం శతాబ్దాలుగా అమ్ముడుపోయింది. పేలకి సీతాఫలం గింజల పొడి ఉండేది. పొగాకు ఈ జిల్లాల్లో దండిగా పండుతుంది కాబట్టి, ఆకు నానబెట్టిన నీళ్ళతో పశువుల పేలూ పిడుదులూ వదిలించడమూ తెలుసు. పొగాకు బోర్డు 1976లో గుంటూరులో వెలిసిందంటే ఆ పంట బలం ఎంతటిదో ఊహించవచ్చు.

చిక్కల్లా ఒక్కటే. కుక్క తన ఒళ్ళు తానే నాక్కుంటుంది. పూసినదాంట్లో సగం గంట తిరక్కుండా కడుపులోకి పోతుంది, పేగుల్లోంచి నెత్తురులో కలిసి ముందుగా చేరేది కాలేయానికే. వేపనూనె కొంచెం లోపలికి పోతే వాంతితో పోవచ్చు. పొగాకు నీళ్ళలోని నికోటిన్ అంత తేలిగ్గా వదలదు.

ఇంగ్లీషువాళ్ళ హయాంలో 1903లో మద్రాసు పశువైద్య కళాశాల మొదలైంది. అక్కడ చదివి జిల్లాలకి వచ్చినవాళ్ళకి ముసర వ్యాధి, గొంతువాపు, గాలికుంటుతోనే తెల్లారేది. రైతు బతుకు ఎద్దు మీద ఆధారపడ్డ కాలంలో అది తప్పూ కాదు. కుక్క సర్కారు కంటికి ఆనింది పిచ్చెక్కినప్పుడే. 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ తెరిచాక, మద్రాసు రాష్ట్రంలో పిచ్చికుక్క కరిచినవాళ్ళు రైలెక్కి ఆ కొండమీదికి పోయేవారు. మరి ఖరీదైన కుక్కలకి రోగం వస్తేనో? 1910లో ప్యాటన్ అనే దొర మద్రాసు హంట్ క్లబ్బు వేటకుక్కల నెత్తురులో ఒక కొత్త పరాన్నజీవిని కనిపెట్టి లోకానికి చెప్పాడు. ఇప్పుడు దాని పేరు బబీసియా గిబ్సొని. పిడుదుల ద్వారా పాకి, ఎర్రకణాలను పగలగొట్టి, కొన్నిసార్లు కళ్ళు పచ్చబడేదాకా తెస్తుంది. పైన పిడుదు, లోపల కామెర్లు. ఒంటి మీది పురుగుకీ లోపలి కామెర్లకీ ఇలా లంకె ఉంది కానీ, ఆ కబురు పల్లె వాకిళ్ళ దాకా రాలేదు.

ఆ తరవాత వచ్చింది గమాక్సిన్, అంటే బి.హెచ్.సి. పురుగుమందు పొడి. 1952లో కలకత్తా దగ్గర రిష్రాలో దాని తయారీ మొదలైంది. వరికి దోమపోటు వస్తే చల్లింది అదే, ధాన్యం కొట్టులో, పశువుల పాకలో, మంచాల నల్లులకి చల్లిందీ అదే. ఘాటైన ముక్కవాసనతో ఉండే ఆ పొడి డెల్టా ఇళ్ళలో ఉప్పూ పప్పూతో సమానంగా ఉండేది. గేదె వీపు మీద చల్లిన చేత్తోనే గుప్పెడు కుక్క మీదా చల్లేవారు. పిడుదులు రాలేవి, దురద తగ్గేది, అందరికీ తృప్తి. అది కొవ్వులో పేరుకుని ఏళ్ళ తరబడి కాలేయానికి పని పెడుతుందన్న సంగతి పొట్లం మీద ఎవరూ రాయలేదు. దేశంలో దాన్ని 1997లో నిషేధించారు. పత్తిపొలాల్లో విరివిగా పోసిన ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు ఆపించడానికి 2011 దాకా పట్టింది.

ట్రాక్టర్లూ లారీలూ పెరిగాక మెకానిక్ షెడ్డు కూడా మందుల కొట్టయింది. కాలిన ఇంజన్ ఆయిల్ డబ్బాతో తెచ్చి గజ్జి కుక్కకి తల నుంచి తోక దాకా పులిమేవారు. ఇప్పటికీ అక్కడక్కడా పులుముతూనే ఉన్నారు. పురుగుకి ఊపిరాడక చస్తుందన్న లెక్క కొంతవరకు నిజమే. ఆ మడ్డిలోని లోహాలూ రసాయనాలూ నాలుక మీదుగా ఎక్కడికి పోతాయన్న లెక్క మాత్రం ఎవరూ వెయ్యలేదు. ఇన్ని మిగుళ్ళలో అన్నిటికన్నా దుర్మార్గమైనది ఇదే.

తరవాతి అంకం సూదిది. 1948లో అమెరికాలో హెంచ్ బృందం కార్టిసోన్‌ని కీళ్ళవాతానికి వాడి చూపింది, 1955కల్లా ప్రెడ్నిసొలోన్ వచ్చింది. పశువుల ఆసుపత్రికి ఈ మందులు చేరాక కుక్క దురద ఒక్క ఇంజెక్షన్‌తో మాయమయ్యేది. ఇంతలో మళ్ళీ గోకుడు, మళ్ళీ సూది. స్టెరాయిడ్లు ఎక్కువైతే కుక్క కాలేయం గ్లైకోజెన్‌తో ఉబ్బుతుంది, రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అమాంతం పెరుగుతుంది. ఇంకో మెలిక ఉంది. ప్రెడ్నిసోన్ మాత్ర ఇస్తే దాన్ని పనికొచ్చే ప్రెడ్నిసొలోన్‌గా మార్చాల్సింది కాలేయమే. అది చెడిన కుక్కకి స్టెరాయిడ్ తప్పనిసరైతే నేరుగా ప్రెడ్నిసొలోనే ఇస్తారు.

రక్తపరీక్ష మామూలు కావడానికి కుక్కల ధర పెరగాల్సి వచ్చింది! 2003లో టీవీలో హచ్ ఫోన్ ప్రకటన పగ్ కుక్కపిల్లను ఇంటింటికీ పరిచయం చేసింది. దానితోపాటు మడతల చర్మం, తీరప్రాంతపు ఉక్కలో పుట్టే ఈస్టు, చెవిపోటూ దిగాయి. అప్పటికి 1998లో గన్నవరంలో పశువైద్య కళాశాల మొదలై ఉంది, కృష్ణా గుంటూరు జిల్లాలకి డాక్టరు చదువు దగ్గరైంది. ఈస్టుకి కీటోకొనజోల్ రాసేముందు కాలేయం చూడాలన్న జాగ్రత్త అలా ఊళ్ళకి వచ్చింది, ఎందుకంటే ఆ మాత్రా కాలేయాన్ని గాయపరచగలదు.

ఇప్పుడు కాలేయం బాగోలేని కుక్క గోక్కుంటూ వస్తే వైద్యం పైనుంచి మొదలవుతుంది. ముందు పిడుదులూ ఈగలూ వదిలించడం, తరవాత క్లోర్‌హెక్సిడిన్ షాంపూతో స్నానం. పది నిమిషాలు ఉంచి కడిగేస్తారు కాబట్టి నాకడానికి మిగలదు. కుక్కల దురదకి అమెరికాలో 2013లో ఒక్లాసిటినిబ్ మాత్ర, 2016లో లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ అనుమతి పొందాయి. రెండోది యాంటీబాడీ. ఒంట్లోని మామూలు ప్రోటీన్లలాగే విరిగిపోతుంది, దాన్ని అరిగించే బరువు కాలేయం మీద పడదు. అందుకే ఇలాంటి కుక్కల విషయంలో డాక్టర్లు దానివైపు మొగ్గుతారు, ఖరీదు మాత్రం గట్టిగానే ఉంటుంది.

ఒక్కోసారి దురదకి అలర్జీ కారణమే కాదు, మూలం కాలేయంలోనే ఉంటుంది. కాలేయం దెబ్బతిన్న కొన్ని ముసలి కుక్కలకి అరికాళ్ళ మెత్తలు పెచ్చులు కట్టి పగులుతాయి, మూతి చుట్టూ, మోచేతుల దగ్గర పుండ్లు పడతాయి. వీటికి సిరలోకి అమినో ఆమ్లాలు ఎక్కిస్తారు, గుడ్డు పచ్చసొన, జింకు పెడతారు. పాతరోజుల్లో ఇలాంటి కుక్క పొన్నూరు వీధుల్లో కనబడి ఉంటే గజ్జి అనుకుని గంధకమో, గమాక్సినో, ఇంజన్ ఆయిలో పూసే ఉంటారు.