జగిత్యాల సీమయు తెలుగు చరిత్రగ్రంథములును

ఒక జాతి తన పూర్వులను గూర్చి తన భాషలో వ్రాసికొనకుండినచో, దానికి పూర్వులే లేరని యితరులు చెప్పుదురు. కొంతకాలమునకు ఆ జాతివారే యా మాటను నమ్ముదురు. ఇతరులు చెప్పుటకంటె మనము నమ్ముటయే యెక్కువ కీడు. తెలంగాణమునందలి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల వృత్తాంతము దీనికి తగిన నిదర్శనము. అచ్చట రాజులకు, వీరులకు, కవులకు కొదువ లేదు. ఇంటిలో నుంచుకొని పిల్లలతో గూడ చదువుకొనదగిన తెలుగు చరిత్రగ్రంథమునకే చిరకాలము కొదువ యుండెను.

ఆ సీమ ప్రాచీనతను ముందుగా చూతము. నేటి జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డుననున్న కోటిలింగాలలో శాతవాహన వంశ మూలపురుషుడగు సిముకుని నాణెములు దొరకినవి. అతనికి పూర్వమేలిన గోబదుడు, సమగోపుడు మొదలగువారి నాణెములును అచ్చటనే లభించినవి. జగిత్యాల చెంతనున్న పొలాస యొకప్పుడు పొలవాస ప్రభువులకు ముఖ్యపట్టణము. వారిలో మేడరాజు కాకతీయ రుద్రదేవుని కెదురునిలిచి యోడిపోయెను. 1163వ సంవత్సరపు హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనము రుద్రదేవుని యీ విజయమును వర్ణించుచున్నది. గెలిచినవాని శాసనములో నోడినవాని పేరు నిలిచియుండుట చరిత్రలో తరచుగా కనబడు విచిత్రము.

సిరిసిల్లకు చేరువనున్న వేములవాడ చాళుక్యులకు రాజధానియై యుండెను. ఆ వంశమునకు చెందిన రెండవ అరికేసరి యాశ్రయమున పంపకవి 941 ప్రాంతమున కన్నడములో విక్రమార్జునవిజయమును రచించెను. అతని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల చెంతనున్న గుట్టపై చెక్కించిన శాసనమున సంస్కృత కన్నడములతో పాటు మూడు తెలుగు కందపద్యములు కలవు. నన్నయభట్టు భారతము నాంధ్రీకరించుటకు దాదాపు నూరేండ్లు ముందుగనే యవి రాతి కెక్కినవి. ఇక నరసింహశతకకర్తయగు శేషప్ప నివసించిన ధర్మపురి జగిత్యాలకు దూరము కాదు. ఆ శతకమును తెలుగునాట నెందరో బాల్యముననే కంఠస్థము చేసిరి. కాని ఆ కవి యూరు ఎచ్చట నున్నదని యడిగిన చెప్పగలవారు కొందరే.

ఇంతటి సామగ్రి యుండియు పుస్తకము లేకపోవుటకు కారణమేమి? కాగితము లేకయా? కోరుట్లలోనే చేతితో కాగితము చేయుచుండిరి. పట్వారీలు తమ లెక్కల పుస్తకములకు దానిని విశేషముగ వాడుచుండిరి. జగిత్యాలలో 1747వ సంవత్సరమున జఫరుద్దౌలా కొరకు ఫ్రెంచి యింజనీర్లు కోటను గట్టిరి. కోటకు రాయి దొరకెను, శిస్తు లెక్కకు కాగితము దొరకెను; ఆ నేల కథను తెలుగులో వ్రాయుటకు మాత్రము పూనిక దొరకలేదు. రాజ్యవ్యవహారము మొదట పారసీకములోను, పిదప ఉర్దూలోను జరుగుచుండెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూయే. తెలుగు చదివినచో నుద్యోగము లేదు. ఉద్యోగము లేని చదువునకు పుస్తకము లేదు.

సిరిసిల్ల సమీపమున హనుమాజీపేటలో 1931లో జన్మించిన డాక్టరు సి. నారాయణరెడ్డిగారి విద్యాభ్యాసమే యిందుకు సాక్ష్యము. పట్టపరీక్ష వరకు వారు చదివినది ఉర్దూ మాధ్యమముననే. హైదరాబాదు చేరిన పిదప శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయములో కూర్చుండి తెలుగు గ్రంథములను విరివిగా చదువుకొనిరి. అట్లు చదివినవారే తరువాత ఆధునికాంధ్ర కవిత్వమును గూర్చి సిద్ధాంతగ్రంథము వ్రాసిరి. 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందిరి. ఉర్దూ చదువు వారికి నష్టము చేయలేదు. గజలు సొంపును వారు తెలుగునకు దెచ్చిరి. కావున పరభాష నేర్చుట దోషము కాదు. స్వభాషాగ్రంథము చేతికందకుండుటయే దోషము.

ఈ యవస్థ మనకే కలిగినది కాదు. ఇంగ్లండునకు పడమట వేల్సు అను చిన్నదేశము కలదు. 1847లో ప్రభుత్వము పంపిన విచారణకర్తలు మువ్వురు, వెల్షు ప్రజలు అజ్ఞానులనియు, వారి భాషయే వారి యభివృద్ధికి అడ్డనియు నివేదించిరి. ఆ మువ్వురికిని వెల్షు భాష రాదు! బడిలో వెల్షు మాటాడిన బాలుని మెడలో కొయ్యపలకను వ్రేలాడదీయుటయు కొన్నిచోట్ల వాడుకగా నుండెను. అట్టి పలకను మోసిన ఓవెన్ ఎడ్వర్డ్స్ అను బాలుడు పెరిగి ఆక్స్‌ఫర్డులో చరిత్రోపాధ్యాయు డయ్యెను. ఆతడు తన దేశపు చరిత్రను, వీరులను, కవులను గూర్చి సామాన్య కుటుంబములు చదువుకొనగల సులభమైన వెల్షు భాషలో పుస్తకములు వ్రాసెను. 1891లో పెద్దలకు, మరుసటి యేట పిల్లలకు మాసపత్రికలు నెలకొల్పెను. 1907లో వేల్సు పాఠశాలల ప్రధాన పర్యవేక్షకు డయ్యెను. నిందకు ప్రతినింద చాలదనియు, పుస్తకమే తగిన సమాధానమనియు ఆతడు గ్రహించెను.

మన పెద్దలును ఆ మార్గమునే పట్టిరి. 1901లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావుగార్ల పూనికతో భాషానిలయము వెలసెను. 1906లో విజ్ఞానచంద్రికామండలి యేర్పడెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి యబ్రహాము లింకను చరిత్ర దాని మొదటి ప్రచురణము. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగము వెలువడెను. పరదేశపు వీరునితో మొదలిడి స్వదేశ చరిత్రమునకు వచ్చిన యీ క్రమము గమనింపదగినది. లక్ష్మణరావుగారు 1923లో దివంగతులు కాగా, వారి పేర నిలిచిన పరిశోధకమండలి 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించెను. గుళ్లలోను పొలములలోను పడియున్న రాళ్లపలుకులు అట్లు పుస్తకముగా మారినవి.

తెలంగాణమున కవులు లేరని యొక విమర్శకుడు వ్రాసినప్పుడు, గోలకొండ పత్రికాసంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదులాటతో తృప్తిపడలేదు. ఊరూర కవులను వెదకి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. మరుసటి యేటనే సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను నాల్గవ ఆంధ్రమహాసభ జరిగెను. దానితో కూడ జరిగిన మహిళాసభకు మాడపాటి మాణిక్యమ్మగా రధ్యక్షురాలు. తెలుగున చదువు, గ్రంథాలయములు, స్త్రీవిద్య యను నీ మూడును ఆ యుద్యమమున నొక్క పనిగనే సాగినవి. తల్లి చదువనిచో ఇంటికి వచ్చిన పుస్తకము అటకపైకే పోవునని వారెఱుగుదురు.

అయినను ఒక్క విషయమున మనము జాగరూకులము కావలెను. వీరులను పొగడుటయే చరిత్ర యని తలచినచో, రాజులు పోయిన చోట చరిత్రయు ముగియును. సిరిసిల్ల ప్రజలలో ననేకులు మగ్గమును నమ్ముకొని బ్రదికినవారు. శాసనములలో దానమిచ్చిన ప్రభువు పేరుండును. ఆ ప్రభువు కట్టిన వస్త్రమును నేసినవాని పేరుండదు. కోరుట్లలో కాగితము చేసినవాని పేరు, ఆ కాగితముపై వ్రాసిన యే లెక్కలోను చరిత్రకారునికి కనబడదు. ఈ లోపమును గుర్తించియే ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించిరి. రాజుల యుద్ధములను ప్రక్కకు బెట్టి, జనుల తిండి, కట్టుబొట్టు, ఆటపాటలు, వృత్తులు, నమ్మకములు మున్నగువానిని కావ్యములనుండియే వెదకి తీసిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమి తెలుగున కిచ్చిన మొట్టమొదటి పురస్కారము దానికే లభించెను.

2016లో జగిత్యాల, సిరిసిల్లలు జిల్లాకేంద్రము లయినవి. తెలుగున చదువుటకు నేడు అడ్డుపడు ప్రభుత్వము లేదు. పుస్తకము దొరకదను సాకు లేదు. పూర్వులు పుస్తకము లేక చదువలేదు. మనము పుస్తకముండియు చదువకుండినచో నా దోషము మరియొకరి దని చెప్ప వీలులేదు. కోటిలింగాల, పొలాస, కురిక్యాల పేర్లు ఆ చుట్టుప్రక్కల బాలబాలికలకు తమ యింటిపేరువలె పరిచితములు కావలెను. మగ్గమునెదుట కూర్చుండిన వృద్ధులు చెప్పు మాటలను వారి మనుమలు, మనుమరాండ్రు తెలుగులో వ్రాసి యుంచవలెను. ఇంకను వ్రాయవలసిన చరిత్రకు అవియే శాసనములు. రాయి వేయేండ్లు వేచియుండ గలదు; ముదుసలి జ్ఞాపకము అంతకాలము వేచియుండదు.